పంజరం దాటిపోయిన చిమ్మటలు

మా ఒహాయో కొండల్లో ప్రొమీథియా అనే, సీతాకోకల్లాంటి పెద్ద చిమ్మటల పట్టుగూళ్లు చలికాలమంతా చెర్రీ కొమ్మలకు ఎండుటాకుల్లా వేలాడతాయి. ట్వైలా అక్క వాటిని ఏరి తెచ్చి పెంచేది. జూన్‌లో ఆడచిమ్మట బయటికి రాగానే జాలీ పంజరంలో పెట్టి, సాయంత్రం పూట వరండాలో కట్టేది. దాని వాసన పసిగట్టి అడవిలోంచి నల్లటి మగచిమ్మటలు ఎగిరొచ్చేవి.

"పురుగులకు కుదిర్చింది చాల్లే, పెళ్ళిళ్ల పేరమ్మా! ముందు నీ సంగతి చూసుకో," అనేవాణ్ణి.

"నిన్నూ పంజరంలో పెట్టి కడతా ఆగు. ఒక్కతైనా వస్తుందేమో చూద్దాం," అనేది.

ఈ మార్చిలో న్యుమోనియాతో అక్క పోయింది. అమ్మ ఆ గది కడిగి, ఖాళీ చేసి, తాళం వేసింది.

అక్క తెచ్చిన గూళ్లలో ఒక్కటే బతికింది. అందులోంచి ఆడదే వచ్చింది. రెక్కలొచ్చాక వీటికి నోరుండదు. తిండీ లేదు. కొద్దిరోజుల బతుకు. ఈలోగా జత కుదరకపోతే అక్క పెంచిన వంశం అంతటితో సరి.

"దీన్నైనా నిలబెట్టరా," అంది అమ్మ.

ఎండ పసుపెక్కే వేళ పంజరం కట్టాను. కోసిన గడ్డి వాసన. కాసేపటికి రెక్కల చప్పుడు... ఒకటి... పది... లెక్కలేనన్ని.

పంజరాన్ని దాటిపోయాయి.

పైకి... అక్క గది కిటికీ మీదికి. అద్దం నల్లబడింది. టప... టప... టప.

"లోపల పాత వాసన మిగిలుంటుందిలే," గొణిగాను.

"అంతా నేనే కడిగానురా," గుసగుసగా అంది అమ్మ.

రోజూ అదే వరస. మా ఆడచిమ్మట, ఏ మగదీ తాకకుండానే, పంజరంలోనే చచ్చిపోయింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని అమ్మ చాలాసేపు కూర్చుంది.

వారం పోయాక కిటికీ తుడుద్దామని తాళం తీశాం. కిటికీ మూసే ఉంది. అద్దానికి లోపలివైపు... తెల్లటి గుడ్లు. వాటిలోంచి సన్నటి పురుగులు పాకుతున్నాయి.

అమ్మ కిటికీ దగ్గరికెళ్లి వాటి మీదికి వంగింది. మార్చి తర్వాత మొదటిసారి నవ్వింది.

"వీటికి ఆకులు కావాలిరా. చెర్రీ ఆకులు. పరుగెత్తు!"

పెరట్లోకి ఉరికి, కొమ్మ విరుచుకుని వచ్చాను. కిటికీ గట్టు మీద అప్పటికే గ్లాసులో లేత చెర్రీ కొమ్మ ఉంది. ఆకుల మీద నీటిచుక్కలు.

"ఇదెక్కడిదమ్మా?"

అమ్మ పురుగుల మీంచి చూపు తిప్పలేదు.

"ఇందాక నువ్వే కదా వెనకనుంచి అందించావ్. అవునూ... చేతులేంట్రా అంత చల్లగా ఉన్నాయి?"