440కి నాలుగు తక్కువ

“ఏవండీ, మీరు ట్రంపెట్ బాగుచేశారా, నా పరువు తీశారా?”

వాయిద్యాలు రిపేరు చేసే ఆ షాపులోకి వస్తూనే ట్రంపెట్ వాయించే అబ్బాయి దాని పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. క్లారినెట్‌కి కార్క్ అతికిస్తున్న అమ్మాయి తలెత్తింది. వానకి తడిసిన జుట్టు అతని నుదుటికి అంటుకుపోయింది. కోపంలోనూ బాగున్నాడు. ఆ సంగతి తర్వాత ఆలోచించుకోవచ్చులే అనుకుంది.

“ఏమైందండీ?”

“మూడు రోజులుగా రిహార్సల్లో నేనొక్కణ్నే శ్రుతి తక్కువ. శ్రుతి చూపించే ట్యూనర్‌లో చూస్తే సూది సరిగ్గా మధ్యలోనే! ఇవాళ కూడా ఇంతే అయితే సోలో ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారు బ్యాండ్ మాస్టారు. నా చెవులే పాడయ్యాయేమోనని...”



“వాల్వులన్నీ నేనే చూశాను బాబూ,” అన్నాడు ఆమె నాన్న లోపలి గదిలోంచి.

ఆమె పెట్టెలోంచి అతని ట్యూనర్ తీసింది. తెర మూలన చిన్న అంకె: 436.

బ్యాండంతా శ్రుతి కలిపేది 440కి. ట్రంపెట్ రిపేరుకి వచ్చిన రోజు, షాపులోని పాత పియానోని ఈ ట్యూనర్‌తోనే శ్రుతి చేసింది తను. అంత పైకి బిగిస్తే తీగలు తెగుతాయని అంకె దించింది. మళ్ళీ పెంచడం మరిచిపోయింది. అందుకే తక్కువ శ్రుతికే సూది మధ్యలో నిలుస్తోంది.

బటన్ నాలుగుసార్లు నొక్కితే చాలు. ఎవరికీ తెలియదు.

“తప్పు నాదండీ,” అంది. జరిగిందంతా చెప్పింది.

అతను వంగి ఆ అంకె చూశాడు.

“అయితే... తక్కువగా పలుకుతోందని నాకు అనిపించింది నిజమేనా?”

“నిజమే. మీరు సూదిని నమ్మారు.” ఆమె అంకె సరిచేసింది. “కళ్ళు మూసుకుని ఊదండి. సూదిని చూస్తూ ఊదితే పెదాలు దాని వెంటే పోతాయి.”

అతను ఊదాడు. సూది ఎడమకి, తక్కువ వైపుకి వాలింది. ఆమె ట్రంపెట్ గొట్టానికున్న స్లైడ్‌ని గోరంత లోపలికి నెట్టింది. అతను ఇంకోసారి ఊదాడు. సూది మధ్యలో నిలిచింది.

“ఇప్పుడు చూడండి.”

కళ్ళు తెరిచాడు. ట్యూనర్‌ని మాత్రం చూడలేదు.

సాయంత్రం పరుగున వచ్చాడు. “సోలో నాదే! ఒక్క మాట అడగనా? నాకు చెప్పకుండా అంకె మార్చేసి ఉండొచ్చు కదా?”

“శ్రుతి కుదిరేది. మీ చెవుల మీద మీకు నమ్మకం తిరిగొచ్చేది కాదు.”

అతను వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

“రేపు షాపు ఎన్నింటికి మూస్తారు?”

“ఎందుకు? ట్రంపెట్‌కి మళ్ళీ ఏమైంది?”

“దానికేం కాలేదండీ.”

ఆమె బుగ్గలు వేడెక్కాయి. రోజూలాగే ఏడింటికి అనబోయింది. లోపలినుంచి నాన్న గొంతు ముందే వచ్చేసింది.

“రేపు ఐదింటికే మూసేస్తున్నాం బాబూ!”