గట్టు మీద వదిలిన బూట్లు

ఎర్రకాలువ పొంగి పెంటపాడు వైపు నాట్లన్నీ నీళ్ళ కిందికి పోయిన ఏడాది అది. ఆ నీళ్ళ మీదే సాయికుమార్ పద్మప్రియను మొదటిసారి చూశాడు. చూడగానే కసిరాడు.

"చెప్పులు విప్పండి. అలా దోనె ఎక్కకూడదు."

అతనిది కొల్లేటి పక్క ఊరు. ఇంటిల్లిపాదికీ చేపల చెరువులే బతుకు. వరదలో చిక్కినవాళ్ళను ఒడ్డుకు చేర్చడానికి లారీల మీద దోనెలు వేసుకొచ్చిన కుర్రాళ్ళలో అతనొకడు. ఆమె తాడేపల్లిగూడెంలో ఒక స్కూల్లో గేమ్స్ టీచరు. సెలవు రోజున దూడను విప్పడానికని పొలం వెళ్ళి, దూడతో సహా గట్టు మీద చిక్కుకుపోయింది.

"చెప్పులతో ఎక్కితే మునిగిపోతుందా మీ దోనె?"

"మునగదండి. అన్నం పెట్టేదాన్ని చెప్పుకాళ్ళతో తొక్కం."

ఆమె చెప్పులు విప్పి గట్టు మీద పెట్టింది. ఇద్దరూ కలిసి దూడను ఎక్కించి వెనక్కి తిరిగేసరికి గట్టూ లేదు, చెప్పులూ లేవు.

"మొన్ననే కొన్నానండీ! ఒక్కసారి వేసుకున్నాను!"

"దూడ దక్కింది కదండీ."

"దూడను కాళ్ళకు తొడుక్కుంటానా?"

వాన ఆమె ముఖం మీద పడుతోంది. కోపం కూడా అంత ముద్దొస్తుందని సాయికుమార్‌కు అంతవరకూ తెలియదు. దోనె నడిపే గెడ రెండుసార్లు తప్పు వైపు వేశాడు.

ఫోన్ నంబరు ముందు ఎవరు అడిగారన్నది ఈ రోజుకీ ఇద్దరూ ఒప్పుకోరు. అడగడం మాత్రం అయింది. శీతాకాలం వచ్చేసరికి పద్మప్రియ ఇంట్లో సంగతి తెలిసిపోయింది.

ఆమె తండ్రి హనుమంతరావు మాట తక్కువ మనిషి. అన్నది ఒక్కటే మాట.

"చెరువులు తవ్వి గట్లు పెంచేశారు. మురుగు దిగే దారి లేక నా నాట్లు కుళ్ళిపోయాయి. చెరువులవాళ్ళ అబ్బాయి నా పొలం గట్టు ఎక్కడానికి వీల్లేదు."

"మన పిల్లనీ దూడనీ బయటపడేసింది ఆ అబ్బాయేనండీ" అంది తల్లి వీరరాఘవమ్మ.

"దానికి దణ్ణం పెడతాను. పిల్లను మాత్రం ఇవ్వను."

కోతలు అయ్యాక గూడెం పక్క ఖాళీ పొలాల్లో బురద పరుగు పెడుతున్నారని తెలిసింది. ఐదు కిలోమీటర్లు. వల కింద పాకాలి, చెక్క గోడ ఎక్కాలి, నడుం లోతు బురద దాటాలి. పద్మప్రియ తన పేరుతో పాటు సాయికుమార్ పేరూ ఇచ్చేసింది.

"నాకు పరుగులేంటండీ? ఎప్పుడన్నా చూశానా?"

"నేను మాత్రం చూశానా? నాన్న వస్తారు. ఒకప్పుడు కబడ్డీ ఆడిన మనిషి. గెలిచినవాడు పగవాడైనా వెళ్ళి చెయ్యి కలుపుతారు. మీ పేరు మైకులో వినపడాలి. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

"బురదేగా. పుట్టిందే అందులో."

"గోడ ఎక్కేటప్పుడు కూడా ఇదే మాట అనండి."

ఆ రోజు అందరి బూట్ల లేసులకూ చిన్న చిన్న చిప్పులు కట్టారు. చివర గీత దగ్గర రబ్బరు పట్టా పరిచి ఉంది. చిప్పు దాని మీదుగా వెళితేనే మిషను కూస్తుంది, పేరు పలుకుతారు. ఇదంతా మైకులో చెప్పారు. సాయికుమార్ వినలేదు. పద్మప్రియ జుట్టు ముడి వేసుకుంటోంది, అది చూస్తున్నాడు.

వల కింద బాగానే పాకాడు. గోడ దగ్గర రెండుసార్లు జారి వెల్లకిలా పడ్డాడు. పైనుంచి ఒక చెయ్యి కిందికి వచ్చింది.

"బురదలో పుట్టినాయనా! పట్టుకోండి."

పట్టుకున్నాడు. పైకి వచ్చాక కూడా వదల్లేదు.

"వదిలితే పరిగెడదామండి" అందామె. నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

గోడ దిగాక అతని కాళ్ళకు ఊపు వచ్చింది. ఒక్కొక్కరినీ దాటుకుంటూ బురద గుంట దగ్గరికి అందరికన్నా ముందు చేరాడు. గట్టు మీద ఆగాడు. వంగి బూట్లు విప్పాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. అప్పుడు దిగాడు. ఆ పని చేస్తున్నట్టు అతనికే తెలియదు. చిన్నప్పటి నుంచి చెరువులో దిగిన ప్రతిసారీ కాళ్ళు చేసిన పనే అది.

అందరికన్నా ముందు గీత దాటాడు. మిషను కూయలేదు. మైకు పలకలేదు.

"మీ చిప్పు ఏదండీ?" అని పట్టా దగ్గర నిలబడ్డ ప్రసాదరావు అడిగాడు.

"బూటుకు ఉందండి."

"బూటు?"

సాయికుమార్ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. కంచె అవతల హనుమంతరావు ఒక్కడే నవ్వలేదు.

"వెళ్ళి తెచ్చుకుంటానండి."

"గీత దాటాక వెనక్కి వెళ్ళకూడదండీ. రూలు."

ఒక్కొక్కరే వస్తున్నారు. ఒక్కొక్క పేరే పలుకుతున్నారు. సాయికుమార్ పక్కకు వెళ్ళి తల దించుకుని నిలబడ్డాడు. చినుకులు మొదలయ్యాయి. జనం పలచబడ్డారు. పద్మప్రియ ఇంకా రాలేదు.

వచ్చింది. కనుబొమల దాకా బురద. మెడలో లేసులు కట్టిన బూట్ల జత, మగవాళ్ళ సైజు. ఆమె పట్టా మీద కాలు పెట్టింది. మిషను రెండుసార్లు కూసింది.

"పద్మప్రియ, పెంటపాడు! సాయికుమార్, కొల్లేటికోట!" అని మైకు రెండు పేర్లూ ఒక్క ఊపిరిలో చదివేసింది.

"ఏంటండీ ఇది? మీరు నాకు దగ్గర్లోనే ఉన్నారు కదా!" అన్నాడు సాయికుమార్.

"గుంట దాటేసి వెనక్కి చూస్తే కనపడ్డాయి. మళ్ళీ దిగాను."

"ఎందుకండీ? ఆడవాళ్ళలో మీరే ముందు వచ్చేవారు."

"గట్టు మీద వదిలినవి ఒకసారి పోయాయి. రెండోసారి పోనిస్తానా?"

నాలుగు నెలలుగా కూడబెట్టుకున్న మాటలన్నీ సాయికుమార్ ఒక్కసారే చెప్పబోయాడు.

"పద్మగారూ, నేను... మీరంటే..."

"గోడ మీద చెయ్యి వదలనప్పుడే చెప్పేశారు లెండి. నాదీ అదే మాట. బూట్లు తొడుక్కోండి, నాన్న వస్తున్నారు."

హనుమంతరావు వచ్చి నిలబడ్డాడు. కూతురి వైపు చూడలేదు. బూట్ల వైపు చూశాడు.

"ఎందుకు విప్పావు?"

"తెలియకుండానే విప్పేశానండి. చెరువులో దిగేటప్పుడు అలవాటు."

"ఎవరూ చూడకపోయినా విప్పుతావా?"

"చేప చూస్తుందండి."

పెద్దాయన, మడిలో దిగే ముందు తనూ విప్పే తోలు చెప్పుల వైపు చూసుకున్నాడు.

"రేపు మా నారుమడిలో విత్తనాలు చల్లుతున్నాం. మనిషి తక్కువయ్యాడు" అన్నాడు చివరికి. "పొద్దున్నే రా. మురుగు సంగతి కూడా నీతో మాట్లాడాలి. ఆ కోపం నాకు పోలేదు."

"అలాగేనండి. మా నాన్నను కూడా కూర్చోబెడతాను."

హనుమంతరావు చెయ్యి చాపాడు. సాయికుమార్ చెయ్యి కలిపితే దాని నిండా బురద అంటింది. తుడుచుకోలేదు.

మర్నాడు తెల్లవారుతుండగానే సాయికుమార్ బండి మీద పెంటపాడు వెళ్ళాడు. మడిలో తండ్రీ కూతుళ్ళు అప్పటికే దిగి ఉన్నారు. గట్టు మీద ఒక పాత తోలు చెప్పుల జత, దాని పక్కన చిన్న జత ఉన్నాయి. అతని బూట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. గట్టు ఎక్కి వాటిని విప్పి, ఆ రెండు జతల పక్కన పెట్టి, మడిలోకి దిగాడు.