పారదర్శిని కింద అమ్మ

వైద్య కళాశాలల్లో శవాల గదులు మూతపడి ఒక తరం గడిచింది. ఇప్పుడు శరీర నిర్మాణ శాస్త్రం ప్రాక్టికల్ పరీక్షకు ప్రతి విద్యార్థీ తన ఇంటి మనిషినొకరిని వెంటబెట్టుకుని రావాలి. ఆ మనిషిని బల్లమీద పడుకోబెట్టి, మెడదాకా 'పారదర్శిని' కప్పుతారు. చూడటానికి పల్చటి దుప్పటే కానీ, దాని నేతలో వేలాది సెన్సర్లు ఉంటాయి. వేలితో ఒకసారి నిమిరితే చర్మం మాయమై కండరాలు, మళ్ళీ నిమిరితే ఎముకలు, ఇంకోసారి నిమిరితే కొట్టుకుంటున్న గుండె దుప్పటి మీద ప్రత్యక్షమవుతాయి. పడుకున్నవాళ్ళకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

నైమిష తన తల్లిని తీసుకొచ్చింది. ఆవిడ పేరు శ్రావ్య, ఈ కాలం పిల్లలు విని నవ్వుకునే పాతకాలపు పేరు. నైమిషకు మార్కులు ఒక వంక మాత్రమే. ఆర్నెల్లుగా అమ్మ చిక్కిపోతోంది. రెండు ముద్దలు తినేసరికి చాలంటోంది. ఆస్పత్రికి రమ్మంటే, "నాకేం రోగమే? గుండ్రాయిలా ఉంటేను!" అని కొట్టిపారేస్తోంది. కూతురి పరీక్ష అనేసరికి మాత్రం పట్టుచీర కట్టుకుని మరీ బయల్దేరింది. దారి పొడుగునా నైమిషకు ఒకటే బెంగ, లోపల ఏ గడ్డో కనపడితే ఏం చెయ్యాలని.

"మొదలుపెట్టమ్మా," అన్నారు పరీక్షకుడు ప్రొఫెసర్ ధీరజ్.

ముందు నైమిష అస్థిపంజరం గురించి చెప్పింది. గుండె నాలుగు గదులూ, రక్తం తిరిగే దారీ చెప్పింది. శ్వాసవ్యవస్థ అయ్యాక అన్నవాహిక వెంట వేలు జీర్ణాశయానికి దిగింది. క్లోమం శుభ్రంగా ఉంది. కాలేయం నిగనిగలాడుతోంది, ఎక్కడా చిన్న మచ్చ లేదు. నైమిషకు ఏడుపొచ్చినంత పనయింది. మొక్కుకున్న దేవుళ్ళందరికీ మనసులోనే దండాలు పెట్టుకుంది.

"కాలేయం కింద ఉన్న ఈ ఆకుపచ్చ సంచి పిత్తాశయం సార్. పైత్యరసాన్ని నిల్వ చేస్తుంది."

శ్రావ్య పకపకా నవ్వింది. "అది నాకెక్కడిదే? రాళ్ళున్నాయని నువ్వు పుట్టిన ఏడాదే తీసేశారుగా!"

నైమిష వేలు ఆగిపోయింది. "సార్, లేనిది కనిపిస్తోందేంటి?"

ధీరజ్ కుర్చీలో ఇబ్బందిగా సర్దుకుని కూర్చున్నారు. "కొత్తలో ఇది ఉన్నదున్నట్టే చూపించేదమ్మా. తమ లోపల ఏముందో పరీక్ష గదిలో తెలిసిపోతుంటే జనం హడలిపోయారు. ఇంటి మనుషులు రావడం మానేశారు. అందుకని దీనికి సవరణ పెట్టారు. లోపం ఉన్నచోట పుస్తకంలో ఉన్నట్టు పూడ్చి చూపిస్తుంది. పడుకున్నవాళ్ళు అడిగితే సవరణ తీసేయొచ్చు. ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు."

నైమిష మళ్ళీ పైకి, కాలేయం వైపు చూసింది. ఆ మచ్చలేని కాలేయంలో, క్లోమంలో ఎక్కడెక్కడ ఎంతెంత పూడ్చిందో ఎవరికి తెలుసు?

శ్రావ్య నవ్వడం మానేసింది. "నీ ఇష్టం తల్లీ," అంది. "తీసేయమని అడగమంటావా?"

ఒక్కమాట చాలు. లోపల ఏముందో చూడటానికే కదా అమ్మను ఇక్కడిదాకా తీసుకొచ్చింది! నైమిష నోరు తెరిచింది. అమ్మ కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళ నిండా భయమే ఉంది, తనకు మాత్రం తక్కువుందా?

"ఇప్పుడెందుకులే అమ్మా. ముందు పరీక్ష కానీ."

"అంతేలే," అంది శ్రావ్య, బిగబట్టిన ఊపిరి వదులుతూ.

నైమిష వేలు కిందికి జరిపింది. "ఇవి మూత్రపిండాలు సార్. రెండూ చాలా ఆరోగ్యంగా ఉన్నాయి."

ఆరోగ్యం సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. ధీరజ్ తలెత్తకుండా పూర్తి మార్కులు వేశారు.