అలసటబిళ్ల

అంగారకుడి మీద ఆ ఏడాది గోంగూర విరగకాసింది. గాజు గుమ్మటం కింద కాదంబరి బృందంలోని ముగ్గురూ ఆకు కోస్తున్నారు. వాళ్ల చొక్కాలకు గుండీలంత అలసటబిళ్లలు ఉన్నాయి. చెమటనూ గుండె లయనూ కొలిచే ఆ సెన్సర్లు మనిషి నూటికి ఎంత అలసిపోయాడో ఎర్రటి అంకెల్లో చూపిస్తాయి.

సాయంత్రం లెక్కలో ముగ్గురి సగటు యాభై దాటితే తలా ఒక కాలనీకి పంపేస్తామని కేంద్రం చెప్పింది. ఆరేళ్లుగా ఒకే పళ్లెంలో పంచుకు తింటున్నవాళ్లు. వాళ్లు లేని గుమ్మటాన్ని కాదంబరి ఊహించుకోలేకపోయింది. సోయా మజ్జిగ పోయించింది, పాటలు పెట్టించింది, అరగంటకోసారి వెళ్లి పలకరించింది. సగటు మాత్రం అరవై ఎనిమిది దగ్గరే కూర్చుంది.

చివరికి గుమ్మటాన్ని నడిపే ‘నేస్తం’ అనే యంత్రాన్ని కారణం అడిగింది.

“నొచ్చుకోకండి మేడం. మీరు ‘బాగున్నావా?’ అన్న ప్రతిసారీ అంకె నాలుగు పెరుగుతోంది.”

“బాగోగులు అడగడమూ తప్పేనా?”

“ఎందుకో నాకు తెలియదు. లెక్క మాత్రం అదే.”

కాదంబరి నారుమడి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నాలుగుసార్లు గడియ మీద చెయ్యి వేసి మళ్లీ వెనక్కి తీసుకుంది. సాయంత్రానికి సగటు నలభై నాలుగుకు దిగింది. బృందం నిలిచింది. ఆమె సొంత బిళ్ల మీద మాత్రం తొంభై ఒకటి వెలుగుతోంది.

అప్పుడే ముగ్గురూ లోపలికి వచ్చారు. మధ్యాహ్నం నుంచి పలకరింపు లేకపోయేసరికి మా ఉద్యోగాలు ఊడాయనుకున్నామని మస్తాన్ నవ్వాడు. అడిగేటప్పుడు మేడం చూపు ఎప్పుడూ బిళ్ల మీదే ఉంటుందని, అంకె ఎంతుందోనన్న భయానికే గుండె దడదడలాడేదని యశోధర నెమ్మదిగా బయటపెట్టింది.

నిజమే, వాళ్ల కళ్ల రంగులు కూడా కాదంబరికి సరిగ్గా గుర్తులేవు.

అందరిలోకీ పెద్దదైన పైడితల్లి ఆమె పక్కన కూలబడి, తొంభై ఒకటి కనబడకుండా బిళ్ల మీద అరచెయ్యి కప్పేసింది.

“ఇది సెప్పేది నాకొద్దు. నువ్వు సెప్పమ్మా, ఏటైనాది?”

కాదంబరి మొదట తడబడింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

అంకె అందడం లేదని నేస్తం రెండుసార్లు హెచ్చరించింది. ఎవరూ వినిపించుకోలేదు.