గట్టు మీద ఎవ్వలు లేరా

పొద్దున్నే పొయ్యి మీద జొన్నరొట్టె తిప్పుతున్న అక్కమ్మకు పక్క గదిలోంచి కూతురి మాటలు వినబడ్డాయి. జీవిత ఫోన్‌లో స్నేహితురాలితో మాట్లాడుతోంది.

"బాయిల పడి సచ్చుడే ఫర్హత్, ఇగ లేసుడు లేదు. సాయంత్రం దాక సూస్త. కాకపోతే నా పని ఖతం."

రొట్టె మాడిపోయింది.

డిగ్రీ అయినప్పటి నుంచీ జీవిత నారాయణఖేడ్‌లో ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్‌లో ఆటలు తయారుచేయడం నేర్చుకుంటోంది. ఆడటం కాదు, చేయడం అని ఎంత మొత్తుకున్నా వాడలో ఒక్కరి చెవికీ ఎక్కలేదు. అనుభవం లేదని హైదరాబాద్ కంపెనీలన్నీ తిప్పి పంపాయి. చివరికి ఒకరు మాత్రం, సొంతంగా ఒక చిన్న ఆట చేసి పంపు, నచ్చితే పనిలో పెట్టుకుంటాం అన్నారు. గడువు ఈ సాయంత్రమే. నిన్న ఆటో ఆపి ఇంట్లోకి వస్తూనే తండ్రి యోసేపు, "ఆటలు చేసుడు గూడ ఒక కొలువేనా? రేపు దాటినంక బట్టల దుకాణంల కూసో" అని కూతురి మీద విరుచుకుపడ్డాడు. అప్పటి నుంచి పిల్ల ముద్ద ముట్టలేదు.

సుగుణ కూడా ఇలాగే ముద్ద ముట్టలేదు. సుగుణ అక్కమ్మ చెల్లెలు. కంగ్టి దగ్గర పుట్టింట్లో ఉన్నప్పుడు, నాయన ఒక మాట అన్నాడని అలిగింది. తెల్లారి బావిలో తేలింది. ఇన్నేళ్లయినా ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు.

జీవిత స్నానానికి వెళ్లగానే అక్కమ్మ ల్యాప్‌టాప్ తీసి జొన్నల డబ్బాలో కూరేసింది. కూతుర్ని మింగుతున్నది అదేనని ఆమెకు గట్టి నమ్మకం. తర్వాత నాగల్‌గిద్దకు కిరాయి పోతున్న యోసేపుకు ఫోన్ చేసి, "నాగల్‌గిద్ద లేదు ఏం లేదు, ఆటో మలుపుకొని జల్దీ రా" అంది.

జీవిత వచ్చి మంచం కింద చూసింది, బట్టల మూట విప్పి పారేసింది.

"అమ్మా, ల్యాప్‌టాప్ ఏది?"

"దాసిన."

"సాయంత్రం దాకనే టైం ఉన్నదమ్మా."

"అందుకే దాసిన."

జీవిత మొహం పాలిపోయింది. "గదొక్కటే ఆశ నాకు. గది గూడ గుంజుకుంటే నేనుండి ఏం ఫాయిద?" అని ఏడుస్తూ గుమ్మం వైపు నడిచింది.

అక్కమ్మ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. "నా పానం పోయినా నిన్ను బాయి కాడికి పోనియ్య."

"ఏ బాయి?"

"నువ్వే అన్నవ్ గద పొద్దుగాల. బాయిల పడి సచ్చుడే అని. నా చెల్లె పోయిన తీరు సాలదా బిడ్డా?"

జీవిత అక్కడే కూలబడింది. నవ్వాలో ఏడవాలో ఆ పిల్లకు తెలియలేదు. "నేను గాదమ్మా. బాయిల పడేది నా ఆటల ఉన్న పిల్ల."

అప్పుడే యోసేపు రొప్పుతూ లోపలికి వచ్చాడు. అక్కమ్మ డబ్బాలోంచి ల్యాప్‌టాప్ తీసి దులిపితే జొన్నలు రాలాయి. మీట నొక్కితే అది వెలిగింది.

తెర మీద ఒక పిల్ల బిందె పట్టుకుని ఎండిన చేలల్లో నడుస్తోంది. బావి దగ్గర కాలు జారి పడింది. పడి, అలాగే నీళ్లలో ఉండిపోయింది.

"పడ్డంక మళ్ల లేసి నిలబడాలె. ఏం జేసినా లేస్తలేదు" అంది జీవిత.

అక్కమ్మ తెరను కళ్లార్పకుండా చూసింది. "గట్టు మీద ఎవ్వలు లేరా?"

"లేరమ్మా. ఒక్కతే."

"ఒక్కదాన్ని ఎందుకు తోలినవ్? ఎవ్వలన్న తాడేస్తే పట్టుకొని ఎక్కదా?"

జీవిత కళ్లు తుడుచుకుని ల్యాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుంది. పిల్ల తనంతట తానే లేవాలన్న ఏర్పాటు తీసేసి, గట్టు మీద తాడుతో ఒక ఆడమనిషిని నిలబెట్టే పనిలో పడింది. యోసేపు రొట్టె తుంచి కూతురి నోటికి అందిస్తూ, "తినుకుంట చెయ్యి" అన్నాడు. ఆ రోజు ఆటో మళ్లీ బయటికి తీయలేదు.

పొద్దు వాలుతుండగా జీవిత ఫోన్ తెచ్చి తల్లి నోటి ముందు పెట్టింది. "ఒక్క మాట అనమ్మా. బాయిల ఉన్న పిల్లను పిలిసినట్టు."

అక్కమ్మ ఫోన్ వైపు చూసింది, తెరలో నీళ్ల వైపు చూసింది. తర్వాత ఒక్కసారిగా అంది: "తాడు పట్టుకో సుగుణా. ఇడువకు."

యోసేపు తల దించుకున్నాడు. నోరు జారినందుకు అక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇంకోపారి అంట" అంది.

"వద్దమ్మా. ఆ పిల్లకు ఇంక పేరే పెట్టలేదు" అంది జీవిత.

చీకటి పడకముందే ఆట కంపెనీకి వెళ్లిపోయింది. కొలువు ఇస్తారో ఇవ్వరో ఆ ముగ్గురికీ తెలియదు. పంపే ముందు జీవిత ఒక్కసారి ఆడి చూపించింది. పిల్ల పడింది. గట్టు మీంచి అక్కమ్మ గొంతు పిలిచింది. నీళ్లలోంచి చెయ్యి లేచి తాడు అందుకుంది.

అక్కమ్మ కూతుర్ని పొదివి పట్టుకుని, చెల్లెలి కోసం ఇన్నాళ్లకు గొంతెత్తి ఏడ్చింది.