పద్నాలుగు టోఫీల రోజు

"నోరు తెరవండి" అంది పంటి డాక్టరమ్మ.

కుర్చీలో వాలిన మనిషి నోరు తెరిచాడు, కళ్ళు మూశాడు. ఆమె చిన్న అద్దం చేతిలోకి తీసుకునేలోపే గురక మొదలుపెట్టాడు.

మొదటిసారి అయితే పోనీలే అనుకోవచ్చు. ఇది మూడోసారి! నిద్రపోయే మనిషికి దవడ వాలిపోతుంది, నాలుక అడ్డమొస్తుంది, ఇక ఫిల్లింగ్ పెట్టేదెలా? బయట నలుగురు పేషెంట్లు గోడ గడియారం చూస్తూ కూర్చున్నారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఏవండీ! ఇదేమన్నా లాడ్జి అనుకున్నారా?"

అతను ఉలిక్కిపడి లేచాడు. "బీపీ ఎంతుంది?"

"నాదా? బాగా పెరిగింది. మీరు పడుకోండి... కాదు కాదు, పడుకోవద్దు!"

ఈ తలనొప్పిని అంటగట్టింది పిన్ని. రోడ్డుకి అవతలున్న పెద్దాసుపత్రి ఐసీయూలో పిన్ని హెడ్ నర్సు. "మా డాక్టరొకడు దవడ పట్టుకుని తిరుగుతున్నాడే. జేబు నిండా టోఫీలే, అందరం టోఫీ డాక్టరంటాం. బంగారంలాంటి మనిషి, కాస్త చూడు" అని పంపించింది. బంగారం సంగతేమో గానీ, పళ్ళు మాత్రం ఆరు పుచ్చాయి.

"పడుకునే ముందు బ్రష్ చేస్తున్నారా?"

"పడుకుంటే కదండీ."

"మధ్యమధ్యలో నీళ్ళు?"

"మాస్కు తియ్యాలి కదండీ."

"మరి టోఫీకి తియ్యక్కర్లేదా?"

అతను నిజంగానే ఆలోచించాడు. "అది పక్కనుంచి తోసేస్తానండి."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "వెంటిలేటర్ మీదున్న వాళ్ళకి నోరు ఎన్నాళ్ళకోసారి శుభ్రం చేయిస్తారు?"

"ఎన్నాళ్ళకేంటండీ, నాలుగ్గంటలకోసారి! లేకపోతే నోట్లో క్రిములు ఊపిరితిత్తుల్లోకి దిగవూ? ఒక్కసారి తప్పినా ఊరుకోను." ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం మనిషి పూర్తిగా మేలుకున్నాడు.

"స్పృహలేని వాళ్ళ నోటికున్న విలువ మీ నోటికి లేదా మహానుభావా?"

అతను నవ్వాడు. ఆరు పళ్ళు పుచ్చినా ఆ నవ్వు బాగుండటం ఆమెకి మరింత చిరాకు తెప్పించింది.

"నవ్వకండి. టోఫీ నోట్లో వేసుకున్న ప్రతిసారీ అరగంట సేపు ఆమ్లం మీ పళ్ళని కొరుక్కు తింటుంది. ఎన్ని తిన్నారన్నది కాదు, ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. ఇదిగో కాగితం. నాలుగు రోజులు టైము, తిన్నది రాసి తీసుకురండి. అబద్ధం రాస్తే పళ్ళే చెప్పేస్తాయి."

ఐదోరోజు పొద్దున్న డ్యూటీ దిగి తిన్నగా వచ్చాడు. కాగితం నాలుగు మడతలు పడి ఉంది. ఆమె విప్పుతూనే అందుకుంది. "ఒక్కరోజులో పద్నాలుగా! పసిపిల్లలు నయం కదండీ! నేను మొన్న అంతసేపు ఎవరికి చెప్పాను, ఆ గోడకా?"

అంతలో ఆమె కళ్ళు కాగితం అంచున ఆగాయి. ఆమె ఇచ్చిన కాగితంలో రెండు గడులే ఉన్నాయి. అతను గీత గీసి మూడోది కలిపాడు. కారణం రాయకుండా ఏ మందూ ఇవ్వని ఐసీయూ అలవాటు మరి. ఆ గడి పైన 'ఎందుకు' అని ఉంది.

ఉదయం 6.10. టోఫీ. మూడో బెడ్ పేషెంటు భార్యకి ఫోన్ చేసే ముందు.

6.25. టోఫీ. ఫోన్ చేశాక.

మధ్యాహ్నం 1.15. రెండు టోఫీలు. భోజనం బదులు.

4.00. టోఫీ. ఏడో బెడ్ పెద్దాయన పోయారు. నాకేమీ అనిపించలేదు. ఏమన్నా అనిపిస్తుందేమోనని.

ఆమె ఆ వరుస రెండుసార్లు చదివింది. తిట్టడానికి పోగుచేసుకున్న మాటలన్నీ ఎటుపోయాయో తెలియలేదు. గ్లవ్స్ తీసేసి అతని ఎదురుగా కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఆర్నెల్లు." అతను చేతులకేసి చూసుకున్నాడు. "ముందర ఎవరైనా పోతే ఇంటికెళ్ళి ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు ఫారం నింపేసి పక్క బెడ్‌కి వెళ్ళిపోతున్నా. ఇలాంటివాడు అక్కడ ఉండకూడదండీ. రాజీనామా రాసేశాను, సోమవారం ఇచ్చేస్తా."

"ఆ పనంటే ఇష్టం లేదా?"

"అదొక్కటే ఇష్టం."

ఇక ఆమె ఆగలేకపోయింది. "మీలాంటివాళ్ళు నాకు రోజుకిద్దరు తగులుతారు. నొప్పి భరించలేక పీకెయ్యండి, పీకెయ్యండి అని ప్రాణం తీస్తారు. వేరు గట్టిగా ఉంటే నేను చచ్చినా పీకను. రాజీనామా కాదు, సెలవడగండి!"

"నేను సెలవు పెడితే నా డ్యూటీలు ఇంకొకరి మీద పడతాయి. వాళ్ళూ నాలాగే ఉన్నారు."

"అయితే ఆ మాటే మీ పెద్ద డాక్టరుకి చెప్పండి! అందరూ ఎవరికి వాళ్ళు నోట్లో టోఫీ పెట్టుకుని కూర్చుంటే ఆయనకి తెలిసేదెలా?"

ఆమె పిన్నికి ఫోన్ కలిపింది. విషయం వినగానే పిన్ని అవతలనుంచి ఇంతెత్తున లేచింది. "ఆ మాట నాతో అనడానికి వాడికేమొచ్చింది రోగం? నాకూ మోకాళ్ళు పట్టేసి, ఇంట్లో కుక్కర్ కూత వినబడ్డా మానిటర్ మోగిందని పరిగెడుతున్నా. పంపించవే, ఇద్దరం కలిసే వెళ్తాం!"

అతను రోడ్డు దాటి వెళ్ళడం ఆమె కిటికీలోంచి చూసింది. వాన మొదలైంది. గొడుగు లేదు, పరిగెత్తడమూ లేదు. ఇదేం మనిషిరా బాబూ అనుకుంది. అనుకుని, తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

ఆ తర్వాత పది రోజులు ఫోనూ లేదు, మెసేజీ లేదు. పిన్నిని అడుగుదామంటే అభిమానం. రాజీనామా ఇచ్చాడా, సెలవడిగాడా? ఒక ముసలాయనకి కింది పన్ను బదులు పై పన్ను ఎక్స్‌రే తీసి, ఆయన చేత నాలుగు చివాట్లు తింది.

పదకొండో రోజు తలుపు తోసుకుని వచ్చాడు. కళ్ళ కింద నలుపు తగ్గింది.

"బతికే ఉన్నారన్నమాట! పది రోజులు ఏం చేశారు?"

"మూడు వారాలు సెలవిచ్చారండి. ఇకమీదట ఎవరికీ వరసగా రెండు డ్యూటీలు వెయ్యరట. అందరం అడిగాం. ఆరు రోజులు నిద్రపోయాను. ఏడోరోజు అన్నం తింటుంటే ఉన్నట్టుండి ఏడుపొచ్చేసింది. గంటసేపు ఏడ్చానండీ!" పరీక్ష పాసయినవాడిలా చెప్పాడు.

ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఆ సంగతి అతనికి తెలియకూడదని ఇంకా గట్టిగా అడిగింది. "తరవాత మూడు రోజులో?"

"మీకేం చెప్పాలా అని ఆలోచించాను."

"ఆలోచించారు కదా, చెప్పండి."

"మళ్ళీ అదే పనిలో చేరతాను. ఇంటికి ఆలస్యంగా వస్తాను, చెప్పింది మర్చిపోతాను. ఎవరైనా పోయిన రోజు అన్నం తినను. ఇలాంటివాణ్ణి పెళ్ళి చేసుకుంటే మీరు రోజూ విసుక్కోవాల్సి వస్తుంది."

"వస్తుంది."

"నా కోసం విసుక్కునే మనిషి ఇంట్లో ఉంటే, నాకు ఇంటికి రావాలనిపిస్తుందండీ."

బయట పేషెంట్లు దగ్గుతున్నారు, గడియారం పరిగెడుతోంది. ఎంత వెతికినా డాక్టరమ్మకి అతన్ని తిట్టడానికి ఒక్క కారణమూ దొరకలేదు.

"సరే" అంది చివరికి. "కానీ ముందే చెప్తున్నా, నా విసుగు తగ్గదు."

"తగ్గకూడదు" అన్నాడు.

ఆమె వెంటనే పిన్నికి ఫోన్ చేసింది. "పిన్నీ, నీకో మాట చెప్పాలి. మరేమో..."

"హమ్మయ్య, ఇన్నాళ్ళకి తెమిలారా!" అంది పిన్ని విసుగ్గా. "మీ అమ్మకి నేను పోయిన నెలలోనే చెప్పేశాను."