ఎదురింటి ఎర్ర కళ్లు

మడికొండ కొత్త ఇళ్లలో చివరి గల్లీకి చీకటి పడ్డాక ఎవరూ పోరు. అక్కడ తాళం వేసిన మేడ ఒకటుంది. రాత్రయితే దాని పై కిటికీలో ఎర్రటి కళ్లు కనబడతాయి. జత కళ్లు కాదు... ఒక గుత్తి.

కాజీపేటలో రైళ్లకు జెండా ఊపి రిటైరైన మొగిలయ్యకు దెయ్యాలంటే భయం లేదు. ఆ సంగతి ఆయనే చెబుతాడు. నడక మాత్రం పొద్దుండగానే ముగిస్తాడు — డాక్టరు చెప్పాడట. మా పక్కింటి కళావతినైతే ఆ కళ్లు పేరు పెట్టి పిలిచాయట. కళ్లు పిలవడమేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే మళ్లీ మొదటి నుంచి చెబుతుంది.

నిజంగా భయపడింది వినోద. ఆ మేడకు ఎదురింట్లో కిరాయికి ఒంటరిగా ఉంటుంది. మొగుడి దెబ్బలు పడలేక వచ్చేసింది. అడ్రసు పుట్టింటివాళ్లకు కూడా చెప్పలేదు. ఆ కళ్లకు అడ్డంగా కిటికీ నిండా నిమ్మకాయలు కట్టుకుంది.

తర్వాతిది మొగిలయ్య చెప్పిందే. ఆయన ధైర్యసాహసాలు తీసేసి చెబుతున్నాను.

ఒక రాత్రి కెమెరాలు బిగించే చైతన్య బండి మీద వచ్చాడు. గల్లీ మొదట్లో, తన ఇంటి ముందే మొగిలయ్య ఆపాడు.

“అటు పోకు బిడ్డా... కండ్లున్నయ్.”

“ఏడున్నయ్ కాకా? జర చూపియ్యి.”

చైతన్య చెయ్యి వదలలేదు కాబట్టి మొగిలయ్య వెళ్లాడు. గల్లీలో కుక్క కూడా లేదు. మేడ మీద... చీకట్లో... ఎర్రగా...

చైతన్య నవ్వాడు.

“దెయ్యం కాదే, నేను పెట్టిన కెమెరా! చీకట్ల దాని లైట్లు గట్లనే మెరుస్తయ్.”

ఆ మేడను కిరాయికి తీసుకున్న శ్యాంసుందర్ దొంగల భయానికి పెట్టించాడట. బయట పెడితే దొంగలు కెమెరానే ఎత్తుకపోతారని లోపలే బిగించమన్నాడట. “ఇప్పుడేమో ఎదురింటి తలుపు సక్కగ కనబడ్తలేదు, జర తిప్పు అంటుండు. ఆ తలుపు తెరిసినప్పటి రికార్డు కోసి పంపాల్నట.”

మొగిలయ్య జన్మలో మొదటిసారి పనికొచ్చే మాట అడిగాడు.

“దొంగలు ఈ ఇంట్ల పడ్తరంటివి... ఆ తలుపెందుకురా ఆయనకు?”

చైతన్య నవ్వు ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూశాడు. నిమ్మకాయల వెనక వినోద నిలబడి ఉంది.

తలుపు కొట్టి, ఉన్నదున్నట్టు చెప్పాడు. శ్యాంసుందర్ పేరు వినగానే ఆమె గడప మీద కూలబడింది.

“ఆయన నా మొగడు తమ్మీ... తీసెయ్యి. నీ కాళ్లు మొక్కుత.”

చైతన్య తన దగ్గరున్న తాళంచెవితో మేడ తెరిచి, పైకి పరుగెత్తి వైర్లు పీకాడు. కళ్లు ఆరిపోయాయి. అతను దిగి వచ్చేసరికి వినోద గోడకు ఆనుకుని, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటోంది.

చైతన్య ఫోన్ మోగింది. శ్యాంసుందర్. స్పీకర్ పెట్టాడు.

“పీకినవా? పీక్కో. నాకేం ఫికర్ లేదు.”

“సార్... పోలీసులకు చెప్త.”

“చెప్పు. ముందుగాల ఆమెకు చెప్పు... పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్.”

వినోద వంటిల్లు ఇంటి వెనక ఉంది. గల్లీలోంచి చూసినా, మేడ మీది నుంచి చూసినా కనబడదు.



లోపలి నుంచి... మాడిన పాల వాసన.